మొమొసె చేతులు, మిసావో కన్ను

సువా సరస్సు ఒడ్డున, ఒకాయా ఊళ్ళోని మా లెన్సుల కర్మాగారంలో మిసావో అక్క మాటకు తిరుగుండేది కాదు.

మేం చేసేవి గొప్ప లెన్సులేమీ కావు. లెన్సు మార్చుకునే వీలున్న చిన్న కెమెరాలతో పాటు ఒకే పెట్టెలో పెట్టి అమ్మే కిట్ లెన్సులు. కొన్నవాళ్ళలో చాలామంది నెల తిరక్కుండా వాటిని ఊడదీసి పక్కన పడేస్తారు. అయినా మాలో అందరికంటే పెద్దవారైన మొమొసె గారు ప్రతి లెన్సులోనూ గాజు బిళ్ళలను వెంట్రుకవాసి కూడా పక్కకు పోకుండా కూర్చేవారు. ఆ తర్వాత చీకటి గదిలో మిసావో అక్క ఆ లెన్సు గుండా గోడ మీద గీతల పటం వేసి చూసేది. గీత వంగితే లెన్సు వెనక్కి వచ్చేది. ఇరవై ఆరేళ్ళు అలా సాగింది. నా బల్ల వాళ్ళ పక్కనే.

ఆ ఏడు వానలు తగ్గాక లెన్సులు వెనక్కి రావడం ఎక్కువైంది. మొదట రోజుకు నాలుగు, తర్వాత పళ్ళేలకు పళ్ళేలు.

"మళ్ళీ వంకరేనా అమ్మా?" అని అడిగారు మొమొసె గారు.

"నడిమి గీతలు అలల్లా ఉన్నాయండీ. నేనేం చెయ్యను?"

"ఒకసారి ఇంకెవరికైనా చూపించు."

మా మేనేజరు నవ్వేశాడు. "మిసావో గారు తప్పు చూడడమా? మీకు అరవై నాలుగొచ్చాయి పెద్దాయనా. చేతులకు కూడా వయసొస్తుంది."

ఆయన తన చేతులను అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. వారం తర్వాత రాజీనామా ఇచ్చారు. వీడ్కోలు విందు వద్దన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో తొడిగిన పని చొక్కాను ఉతికి, మడతపెట్టి, బల్ల మీద ఉంచి వెళ్ళిపోయారు.

ఆయన చోట కూర్చున్న కుర్రాడి లెన్సులూ వెనక్కే వచ్చాయి. అప్పుడు గానీ మేనేజరుకు అనుమానం రాలేదు. పక్కన పెట్టిన పళ్ళేలన్నీ లెన్సులు కొలిచే యంత్రం కింద పెట్టించాడు. ఒక్క లెన్సులోనూ లోపం లేదు.

ఆస్పత్రిలో డాక్టరు మిసావో అక్కకు గళ్ళ కాగితం చూపించాడు. కుడికంటికి నడిమి గళ్ళు వంకరగా కనిపించాయి. కంటి వెనక పొర చెడిందనీ, ఎడమకంటిని కూడా నమ్మడానికి లేదనీ చెప్పాడు. బయటికొచ్చాక అక్క, తోడు వెళ్ళిన నా వైపు తిరిగింది.

"మొమొసె గారి ఇల్లు నీకు తెలుసు కదా, తీసుకెళ్ళు," అంది.

మొమొసె గారి భార్య తలుపు తీసి, ఊరబెట్టిన ఆకుకూర, టీ పెట్టింది. పెరట్లో నారింజరంగు పెర్సిమన్ పండ్లు చెట్టు మీదే మెత్తబడి రాలుతున్నాయి.

"ఏటా ఈయనే తొక్క తీసి ఆరగట్టేవారు. ఈ ఏడు కత్తి ముట్టుకోలేదు. చేతులు పోయాయట," అందామె.

మిసావో అక్క క్షమాపణగా వంగి చాప మీద నుదురు ఆనించింది. "పోయింది మీ చేతులు కాదు, నా కన్ను," అంది.

ఆయన ముందున్న టీ కప్పు పక్కకు జరిపారు. "నేను కూడా నిన్నే నమ్మాను. నన్ను నేను నమ్ముకోలేదు," అన్నారు.

మేం లేచి వస్తుంటే ఆయన వెనక నుంచి అక్కను పిలిచారు. "ఇన్ని లెన్సులు చేశాను గానీ ఒక్క ఫోటో తీసి ఎరగను. ఆదివారం మాట్సుమోటో పట్నం వెళ్దాం. కెమెరా ఏరిపెట్టు."

"నేనా? ఈ కంటితోనా?"

"ఇంకోటుంది కదా."

దుకాణంలో మూడు చిన్న కెమెరాలు వరసగా పెట్టించారు. అక్క కుడికన్ను మూసుకుని ఒక్కోదాన్నే ఎదురుగోడ ఇటుకల మీదికి తిప్పింది. మొదటిదాని లెన్సు మోటారుతో బయటికి రావడానికి తాత్సారం చేసింది. రెండోది తేలిక, కానీ కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ లేదు. మూడోది కొంచెం బరువే, జూమ్ వలయం మాత్రం ఎక్కడా తట్టుకోకుండా తిరిగింది.

"కిట్ లెన్సులన్నీ ఒకటేనండీ, తర్వాత మంచిది కొనుక్కోండి," అన్నాడు దుకాణం అతను.

"ఒకటేమీ కాదు," అన్నారిద్దరూ ఒకేసారి. ఆ రోజు వాళ్ళు నవ్వింది అప్పుడొక్కసారే. మూడోదే కొన్నారు.

ఏడాదిన్నరకు ఎడమకన్ను కూడా నడిమి చూపు కోల్పోయింది. అక్క పని మానేసింది. మొమొసె గారు గురువారం గురువారం వచ్చి, తాను తీసిన ఫోటోల్లో ఏముందో చెప్పేవారు. జాలరి పడవ, రైల్వే గేటు, ఎవరి కుక్కో. అక్క మధ్యలో అడ్డు తగిలి వెలుగు ఏ వైపు నుంచి పడిందో అడిగేది.

ఒక గురువారం నేనూ ఉన్నాను. "నన్ను క్షమించారా?" అని అడిగేసింది అక్క.

ఆయన కప్పు కింద పెట్టారు. "లేదమ్మా. ప్రయత్నించాను. ఆ చొక్కా మడతపెట్టిన రోజు ఇప్పటికీ నన్ను వదలడం లేదు."

అక్క తలూపింది. "ఇవాళ ఏం తీశారు?" అంది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని, గడ్డకట్టిన సువా సరస్సు మీద రాత్రికి రాత్రి మంచు పగిలి గట్టులా లేచిన చీలిక ఒడ్డు నుంచి ఎంత దూరం పోయిందో చెప్పడం మొదలుపెట్టారు.