జడకు వేసిన ముడి

నా చిన్నప్పుడు నాది నడుము దాటిన జడ. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతూ, రోజూ పొద్దున్నే మా ఊరి నుంచి భద్రాచలం కాలేజీకి బస్సులో వెళ్ళేదాన్ని. సారపాక రాకముందు ఒక ఊళ్ళో మా క్లాసు అబ్బాయొకడు తన జట్టుతో ఎక్కేవాడు. నా వెనక సీట్లో చేరి జడ లాగేవాడు. నేను ముందుకు జరిగి కూర్చునేదాన్ని, అంతే.

ఒకరోజు నాకు తెలియకుండా జడ కొసను సుతిలి తాడుతో సీటు కమ్మీకి కట్టేశాడు. కాలేజీ స్టాపు రాగానే లేచాను. జడ గుంజుకుని, మెడ కలుక్కుమని, సీట్లోనే వెనక్కి కూలబడ్డాను. పుస్తకాలు కాళ్ళ కిందికి పోయాయి. బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు. వాడు చేసిన పని కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. వాడి కాలు విరగ్గొట్టమని మా బావకు చెప్పడానికి బయలుదేరాను. మా పక్కింటి అక్క సర్కారు దవాఖానాలో నర్సు. నా ముఖం చూసి గేటు దగ్గరే ఆపి, సంగతంతా విన్నది. ఓర్చుకోమంటుందేమో, చదువు మీద మనసు పెట్టమంటుందేమో అనుకున్నాను. అనలేదు.

"మీ బావ కొడ్తే అది మొగోళ్ళ పంచాయితీ అయితది. వాని కాలు అతుక్కుంటది, నీ కాలేజి బందయితది. వాడు ఎవరి ముంగట మంచోడనిపించుకుంటున్నడో గది చూడాలె," అన్నది.

వాడు తల్లి ముందు బుద్ధిమంతుడు. మిర్చి తోటల్లో కూలి చేసి కొడుకును చదివించుకుంటున్న ఆవిడకు అక్క దవాఖానాలో పరిచయం. అక్క వెళ్ళి చెబితే నమ్మలేదు. తన కొడుకు గట్లాంటోడు కాదని కోపానికొచ్చిందట. అట్లయితే వచ్చి నీ కండ్లతోనే చూడమని అక్క ఒప్పించింది.

తర్వాతి సోమవారం ఆవిడ మా ఊరికి నడిచొచ్చి, మా స్టాపులోనే బస్సెక్కింది. తలమీదుగా కొంగు కప్పుకుని, కిటికీ వైపు తిరిగి నా పక్కన కూర్చుంది. అక్క అవతలి వరసలో కూర్చుంటూ, "కట్టనియ్యి. ఎన్కకు తిరగకు," అన్నది. వాడు మళ్ళీ కడతాడని నాకు అనుమానం లేదు. బస్సంతా నవ్విన ఆటను ఎవడు వదులుకుంటాడు?

వాడు ఎక్కాడు. కాసేపటికి జడ మెల్లగా బిగుసుకోవడం తెలిసింది. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. ముడి పడ్డాక తల్లి కొంగు జార్చి వెనక్కి తిరిగింది.

"ఇప్పు," అన్నది. ఆ ఒక్క మాటే.

వాడు ముడి మీద గోళ్ళు పెట్టి లాగాడు. ముడి రావడం లేదు. జట్టువాళ్ళు కిటికీల్లోంచి బయటికి చూడడం మొదలుపెట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను కాస్త వెనక్కి వాలితే సుతిలి వదులయ్యేది. వాలలేదు. ఇంకొంచెం గట్టిగా కట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ముడి విడిపోయేదాకా ఆవిడ కొడుకు చేతులనే చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇంకోపారి ముట్టుకుంటే నాకు కబురు పంపు బిడ్డా. పని ఇడిసిపెట్టి వస్త," అన్నది. సారపాకలో దిగి, కొడుకు కోసం ఆగకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

వాడు మళ్ళీ ఆ బస్సెక్కలేదు. కాలేజీలో నన్ను చూస్తే దారి మార్చేవాడు. నేను కావాలనే ఎదురు వెళ్ళేదాన్ని.

కొన్నాళ్ళకు అక్క అడిగింది, కడుపు సల్లబడ్డదా అని. సగం అన్నాను. "మిగిలిన సగం ఉంచుకో. అక్కరకొస్తది," అన్నది.

ఉంచుకున్నాను. ఇప్పుడు శనివారాలు కాలేజీ అమ్మాయిలకు బతుకు పాఠాలు చెప్పడానికి వెళ్తుంటాను. బ్యాంకు పని, వంట, నలుగురిలో మాట్లాడడం, అన్నీ నేర్పుతాను. ఏడుస్తూ వచ్చిన పిల్లకు మాత్రం పోనీలే అని చెప్పడం నాకు రాదు. నా జడ కట్టేసినవాడిని నేను ఈనాటికీ క్షమించలేదు. ఆ పిల్లకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతాను. ఏడిపించినవాడికి ఎవరి ముందు తలవంపో అడిగి తెలుసుకుంటాను. తర్వాత చెప్పులు వేసుకుని తనతోపాటు బయలుదేరతాను.