పేరు పిలిచినా లేవని టీచర్‌గారు

టీచర్‌గారు ఆ రోజు ఎందుకు లేవలేదు?

ఈ ప్రశ్నను నేను చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. పోయిన నెల ఒక మధ్యాహ్నం, ఇబ్రహీంపట్నంలో మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో క్యారేజీ మూత తీస్తుండగా మంగళగిరి నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసి, “అక్కయ్య వెళ్ళిపోయిందమ్మా. నిద్రలోనే పోయింది” అన్నారు. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, ఈ ప్రశ్నే. ఇక అడగడానికి మనిషి లేదు కదా అనుకున్నాను. ఏడుపు తర్వాత, బస్సులో, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాక వచ్చింది.

ఆమెను ఎరగని వాళ్ళ కోసం చెబుతాను. సత్యనారాయణపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు. ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచరు. సాయంత్రాలు ఇంట్లో మాకు పాఠం చెప్పేవారు. ముందు గదిలో చాప, గోడ మీద క్యాలెండరు, తలుపు పక్కన మా చెప్పుల గుట్ట, అంతే ఆ బడి. అక్కడ ఒకటే నియమం. పాట మొదలుపెట్టాక, అది మళ్ళీ పల్లవికి వచ్చి ఆగేదాకా ఎవరూ లేవకూడదు. ఫోను మోగినా సరే, గుమ్మంలో చుట్టాలొచ్చి నిలబడినా సరే.

ఒకసారి మేము చరణంలో ఉండగా వంటింట్లో కుక్కరు కూత మీద కూత పెడుతోంది. మాడు వాసన గదిలోకి వచ్చేసింది. ఆమె భర్త, మేమంతా మాస్టారు అని పిలిచే ఆయన, గుమ్మంలోకి వచ్చి, “ఏమోయ్, పప్పు!” అన్నారు. టీచర్‌గారు తాళం ఆపకుండానే రెండో చేత్తో స్టవ్ కట్టేయమని సైగ చేశారు. పల్లవి అందుకుని, ముగించి, అప్పుడు లేచారు.

“పప్పుదేముంది, మళ్ళీ వండుకోవచ్చు. సగంలో వదిలేసిన పాట మాత్రం పడుకున్నాక కూడా చెవిలో గీరుతూ ఉంటుందమ్మాయ్.”

“నాకు మాత్రం కడుపులో గీరుతోంది” అన్నారు మాస్టారు లోపలి నుంచి. ఆ రోజు పాఠం నవ్వులతోనే అయిపోయింది.

ఆమె నోట మెప్పు మాత్రం నేనెప్పుడూ వినలేదు. తప్పు పాడితే “ఊఁ, మళ్ళీ” అనేవారు. సరిగ్గా పాడితే “ఊఁ, తర్వాత” అనేవారు. మేమంతా ఆ “తర్వాత” కోసమే బతికేవాళ్ళం. కచేరీ చేసి వచ్చిన పెద్ద శిష్యురాళ్ళకైనా అంతకు మించి దక్కలేదు.

దివిసీమలో వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న ఆడవాళ్ళ పాటలు ఆమెకు బోలెడు వచ్చు. మేలుకొలుపులు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు. ఒక పెళ్ళిలో ఆమె అప్పగింతల పాట విని ఒక రికార్డింగు కంపెనీ ఆయన వెంటపడి ఆల్బమ్ చేయించాడు. బెంజ్ సర్కిల్ దగ్గర సందులో చిన్న స్టూడియో. తోడుగా నేనూ వెళ్ళాను. బయట లారీ హారన్ లోపలికి వినబడినప్పుడల్లా పాట మొదటి నుంచీ. ఇంజనీరు కుర్రవాడేం కాదు, నడివయసు మనిషి, మహా ఓపిగ్గా చేశాడు.

“మేడమ్, లైనుకీ లైనుకీ మధ్య మీ ఊపిరి వినబడుతోందండీ. తీసేస్తాను” అన్నాడు చివర్లో.

“నా ఊపిరి తీస్తావా? ఏం పాపం చేశానయ్యా నీకు?”

ఆయన చేతులు జోడించి నవ్వేశాడు. ఊపిరిని అలాగే ఉంచేశాడు. మొన్న ఆ ఆల్బమ్ పెట్టుకుని వింటే ఆ ఊపిరి దగ్గర నా వల్ల కాలేదు, కట్టేశాను.

ఆ ఆల్బమ్‌కే అవార్డు వచ్చింది. దేశమంతటా రికార్డులు చేసే గాయకులకు, వాద్యకారులకు ఏటా ఇచ్చే సంగీత పురస్కారాలు అవి. మాస్టారికి అంత దూరం ప్రయాణం పడదు. నాకు కాస్త హిందీ వచ్చు. అలా ఢిల్లీకి ఆమెకు తోడుగా నేను వెళ్ళాను. పట్టుచీర కట్టుకోమని, టీవీలో బాగా పడుతుందని కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. “పాడింది చీర కాదుగా బాబూ” అని మంగళగిరి నేతచీర కట్టుకున్నారు. హాల్లో ఏసీకి వణికిపోతూ, “ఇదేంటమ్మాయ్, మనల్ని చేపల్లా ఐసులో పెట్టారు” అంటూ కొంగు భుజాల చుట్టూ కప్పుకున్నారు.

ఆ సభలో ఒక పద్ధతి ఉంది. పేరు పిలుస్తారు. వెంటనే ఆ కళాకారుల రికార్డులోంచి ఒక ముక్క స్పీకర్లలో వేస్తారు. ఆ ముక్క మోగుతుండగా వాళ్ళు నడుచుకుంటూ స్టేజీ ఎక్కుతారు. చేతికి అవార్డు అందే వేళకి పాట ఆపేస్తారు. మా ముందు అందరూ అలాగే వెళ్ళారు. ఒక సితార్ ఆయనైతే తన వాద్యానికి తనే తలూపుకుంటూ వెళ్ళాడు.

టీచర్‌గారి పేరు పిలిచారు. అప్పగింతల పాట మొదలైంది. అంత పెద్ద హాల్లో, అంతమంది తెలియని వాళ్ళ మధ్య ఆమె గొంతు వినగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆమె ఎడమ పక్కన కూర్చున్నాను.

“టీచర్‌గారూ, మీ పేరేనండీ, లేవండి!”

ఆమె నా మణికట్టు మీద చెయ్యి వేసి నొక్కారు. పాఠంలో ఎవరైనా కదిలితే నొక్కినట్టే. కళ్ళు స్టేజీ వైపే ఉన్నాయి. మోకాలి మీద చూపుడు వేలు తాళం వేస్తోంది. పల్లవి అయింది, చరణం ఎత్తుకుంది, దాని మధ్యలో పాట తెగిపోయింది. మళ్ళీ పేరు పిలిచారు. నేను మళ్ళీ చెప్పాను. ఆమె కదల్లేదు. హాల్లో గుసగుసలు. చివరికి కంపెనీ ఆయన పరుగున వెళ్ళి ఆమె తరఫున అవార్డు అందుకున్నాడు. చప్పట్లు కొట్టారు. అప్పటికీ మోకాలి మీద ఆ వేలు ఆడుతూనే ఉంది. తర్వాత నా వైపు తిరిగి ఒక్క మాట అడిగారు.

“అయిపోయిందా?”

ఏది అయిపోయిందా అని? పాటా? పిలవడమా? అవునండీ అన్నాను, ఏమనాలో తెలియక.

తిరుగు రైల్లో ఉండబట్టలేక అడిగేశాను. “ఎందుకు లేవలేదండీ?” ఆమె పులిహోర పొట్లం విప్పుతూ, “పల్లవికి రాలేదుగా, ఎలా లేస్తాం?” అని నవ్వారు. ఆ నవ్వు నిజం చెప్పేవాళ్ళ నవ్వా, మాట తప్పించేవాళ్ళ నవ్వా అని అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

మేము బెజవాడలో దిగేసరికి ఊళ్ళో కథ తయారైపోయింది. పాట మధ్యలో కోసినందుకు ఆవిడకి కోపం వచ్చిందట. పేరు తప్పుగా పలికారట, అందుకట. తెలుగువాళ్ళని వెనక వరసలో కూర్చోబెట్టారట, అందుకట. ఏ సభకు వెళ్ళినా “అవార్డును కాదన్న ఆత్మాభిమాని” అని పరిచయం చేసేవారు. ఆమె చేతులు జోడించి ఊరుకునేవారు.

“మీరు కాదనలేదు కదండీ, అలా అంటున్నారేంటి?” అన్నాను ఒకసారి.

“అననీవే. వాళ్ళకి అలా బావుంది.”

మరి ఆ అవార్డేమో ఫ్రిజ్ మీద, క్రోషా గుడ్డ మీద, అందరికీ కనబడేలా ఉండేది. ఆమె స్వయంగా తుడుచుకునేవారు. కాదన్న మనిషి అలా తుడుస్తుందా?

వచ్చే ఆదివారం ఊళ్ళో సంస్మరణ సభ. కార్యదర్శిగారు ఫోన్ చేశారు.

“మేడమ్, ఢిల్లీ సంగతి మీరే చెప్పాలండీ. పక్కనే కూర్చుని చూసింది మీరొక్కరే. ‘అవార్డును కాదన్న తెలుగు మహిళ’ అని బ్యానర్ కూడా వేయించేశాం.”

“ఆవిడ కాదనలేదండీ. లేవలేదు, అంతే.”

“రెండూ ఒకటేగా మేడమ్!”

ఒకటి కాదు. కానీ ఎందుకు కాదో ఆయనకు చెప్పలేకపోయాను. ఎందుకంటే అంతకు రెండు రోజుల ముందే, కర్మలు అయిన సాయంత్రం, టీచర్‌గారి చెల్లెలు వంటింట్లో గ్లాసులు కడుగుతూ మామూలుగా ఒక మాట అన్నారు.

“పాపం అక్కయ్యకి ఆ ఎడమ చెవి ఎప్పుడో పోయింది. రెండోది కూడా తగ్గుతూ వచ్చింది. నీకు తెలీదూ?”

“ఎప్పటి నుంచండీ?”

“మీరు ఢిల్లీ వెళ్ళక ముందు నుంచే. మాస్టారికీ నాకూ తప్ప ఎవరికీ చెప్పొద్దంది. సంగీతం టీచరుకి చెవుడంటే పిల్లల్ని ఎవరు పంపుతారే అనేది.”

“మరి మా తప్పులు పట్టేసేవారే!”

“మీ గొంతుల వంక, మెడ నరాల వంక చూసి పట్టేసేదమ్మా. తాళం ఎటూ మీ చేతుల్లోనే కనబడుతుంది. అలవాటైపోయింది దానికి.”

ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. ఢిల్లీ హాల్లో నేను పిలిచింది ఆ ఎడమ చెవి వైపు నుంచే. అయితే ఆమెకు నా మాట వినబడలేదా? మరి మణికట్టు ఎందుకు నొక్కారు? పాట మధ్యలో ఆగిందని తెలియక, లోపల తనే పాడుకుంటూ పల్లవి దాకా వెళ్ళారా? “అయిపోయిందా?” అని నిజంగానే, తెలియకే అడిగారా? లేక అన్నీ వినబడి, పాటను ముక్కలు చేసి నడక కింద వేసే ఆ పద్ధతి గిట్టక, మర్యాదగా కూర్చుండిపోయారా? రాత్రి ఒకటి నమ్మి పడుకుంటాను. పొద్దున బ్రష్ చేసుకుంటూ ఉండగా రెండోదే నిజం అనిపిస్తుంది.

ఇంతకీ నన్ను పట్టి కుదిపేస్తున్నది ఢిల్లీ సంగతి ఒక్కటే కాదు. దాని వెనకాల నా సొంత సంగతి ఒకటుంది.

ఆమె పోయే ముందు నేను చివరిసారి చూసినప్పుడు, “ఏదీ, ఆ అప్పగింతల పాట పాడు” అన్నారు. కుర్చీలో కూర్చుని ఉన్నారు. మాస్టారు పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది. నేను కింద కూర్చున్నాను. ఆమె పక్కన స్టూలు మీద పాత చెక్క శ్రుతిపెట్టె ఉంది. చెల్లెలు దాని తిత్తి ఊదుతున్నారు. పాడాను. జీవితంలో నేను అంత భయపడుతూ, అంత ఇష్టంగా ఎప్పుడూ పాడలేదు. టీచర్‌గారు కళ్ళు మూసుకున్నారు. నా గొంతు వంక చూడలేదు, నా చెయ్యి వంక చూడలేదు. చూడకుండా విన్నారని అప్పుడు ఎంత పొంగిపోయానో చెప్పలేను. పాట ముగించాక, ఇన్నేళ్ళలో మొదటిసారి, “బాగుంది” అన్నారు.

ఆ మాటను ఇంటికి పట్టుకెళ్ళాను. మా ఆయనకు చెప్పాను, అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. మానేద్దామనుకున్న రేడియో కార్యక్రమానికి మళ్ళీ ఒప్పుకున్నాను.

ఆదివారం బ్యానర్ కింద నిలబడి ఢిల్లీ గురించి చూసింది చూసినట్టు చెబుతాను. ఆత్మాభిమానం అనను, చెవుడు అనను. ఒకటి ఆమె తనంతట తాను ఎప్పుడూ అనని మాట. రెండోది ఆమె దాచుకున్న మాట. జనం వాళ్ళకు నచ్చిన చోట చప్పట్లు కొట్టుకుంటారు. ఆ మాత్రం తేల్చుకున్నాను.

ఆ “బాగుంది” సంగతే తేలడం లేదు. నేను పాట ఆపేసినా చెల్లెలు ఇంకా తిత్తి ఊదుతూనే ఉన్నారు. శ్రుతి మోగుతూనే ఉంది. టీచర్‌గారి అరచెయ్యి ఆ చెక్కపెట్టె మీద, వేళ్ళు విప్పి, పసిబిడ్డ వీపు మీద వేసినట్టు ఉంది. ఆ మాట అన్నప్పుడు కూడా కళ్ళు తెరవలేదు. బాగున్నది నా పాటా, చెక్కలోంచి ఆ చేతికి అందుతున్న వణుకా, నాకు తెలియదు.