పేరెత్తినంక ఇంటికి పోవాలె

మా ప్రార్థన కూటం పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు మనిషి నోటి నుంచి రాలేదు. ఫ్లెక్సీ మీద చదివాను.

బాపుకు ఒంట్లో బాగాలేదంటే చొప్పదండి పోయి ఉన్నాను. అక్కడ కరెంటు లేక ఫోను చచ్చిపోయి సంచిలో పడి ఉంది. పొద్దున్నే బస్సు దిగి మా బొగ్గుబాయి కాలనీ గేటు వైపు తిరిగానో లేదో, చౌరస్తాలో నిలువెత్తు ఫ్లెక్సీ. దాని నిండా మా చర్చి పాస్టరు అయ్యగారే. తెల్ల సూటు, చేతిలో మైకు, పళ్లన్నీ కనబడే నవ్వు. ఆయన మోచేతి కింద చిన్న గుండ్రంలో పెద్దమ్మ. ఆధార్ కార్డు మీది ఫొటో తీసి అతికించారు. ప్రభువునందు నిద్రించారని కింద రాశారు. నిద్రించింది ఎవరో తెలియాలంటే దగ్గరికి పోయి కళ్లు చికిలించుకుని చూడాలి. చూశాను. ఏడుపు కంటే ముందు నాకు అసహ్యం వచ్చింది. చచ్చిపోయిన మనిషి పక్కన అట్లా ఇకిలిస్తూ నిలబడటానికి మనసెట్లా వచ్చిందయ్యా నీకు అని ఆ బొమ్మను అక్కడే అడిగేశాను. చాయ్ బండి అతను నన్ను వింతగా చూశాడు. చూస్తే చూశాడు.

పెద్దమ్మ నాకు చుట్టమేమీ కాదు. కాలనీలో అందరికీ పెద్దమ్మే. భర్త బాయిలో ప్రమాదంలో పోతే, ఆ ఉద్యోగం కింద దవాఖానలో ఆయాగా చేరింది. రిటైరయ్యేదాకా వార్డుల్లో రోగుల కింద బెడ్‌పాన్లు తీసింది, పుండ్లు కడిగింది. క్వార్టరు ఖాళీ చేశాక, బాయి తవ్వి పోసిన మట్టికుప్పల కింది బస్తీలో రెండు గదుల రేకుల ఇంట్లో ఉండేది. ఆ ముందు గదిలోనే ప్రతి గురువారం సాయంత్రం మా శిష్యత్వ కూటం. పేరు పెద్దదే గానీ, చాప మీద కూర్చుంటే మోకాళ్లు తగిలే కొద్దిమంది ఆడవాళ్లం. నేను పెళ్లయి ఈ కాలనీకి వచ్చిన కొత్తలో, పలకరించే దిక్కులేక ఏడుస్తున్న రోజుల్లో, నా చెయ్యి పట్టుకుని ఆ చాప మీద కూర్చోబెట్టింది ఆమే. ఆ రుణం నా నెత్తిమీద ఉంది, ఉండనీ.

ఆమెకు భక్తి అంటే ప్రాణం. భక్తి వేషం అంటే ఒళ్లుమంట. ప్రార్థనకు కళ్లు మూయగానే మా గొంతులు మారిపోయేవి. అప్పటిదాకా ఏం కూర వండినవే అని అడిగిన మనిషే, కళ్లు మూసుకోగానే పాత బైబిలు భాషలోకి దిగి, "మమ్ములను జ్ఞాపకము చేసికొనుము తండ్రీ" అని సాగదీసేది. పెద్దమ్మ మధ్యలోనే ఆపేది.

"ఆగవే! గిప్పటిదాక నాతోని మాట్లాడినవ్ గదా, గా గొంతు యాడికి పోయింది? దేవునికి మన మాట తెల్వదనుకున్నవా? గా నాటకాలు నాకాడ చెయ్యకు. మళ్ల మొదలుపెట్టు."

మళ్లీ మొదలుపెట్టాల్సిందే. నేను మొదటిసారి నా మాటలో, "దేవా, నా మొగని మోకాలు జర సూడు, షిఫ్టు దిగంగనే కుంటుకుంట వస్తుండు" అన్నప్పుడు, అందరూ నవ్వుతారని భయపడ్డాను. ఎవరూ నవ్వలేదు. ఆ ఒక్క ముక్క అనేసరికి నాకే ఏడుపు తన్నుకొచ్చింది.

ఇంకో అలవాటు ఉండేది ఆమెకు. మేం గడప ముందు చెప్పులు ఎట్లా పడితే అట్లా విడిచి లోపలికి పోయేవాళ్లం. అందరూ కూర్చున్నాక ఆమె బయటికి పోయి, వంగి, ఒక్కో జతనూ వీధివైపు తిప్పి వరసగా పెట్టేది. నడుము నొప్పి పెట్టుకుని నీకెందుకు పెద్దమ్మా ఈ చాకిరీ అంటే, "లేశినోళ్లు లేశినట్టే పోవాలె బిడ్డా. గీడ కూసోని ఏం పీకుతరు? పనంత బయటనే ఉన్నది" అనేది. నోరు మాత్రం అంత మర్యాదైనది కాదు, ముందే చెబుతున్నాను.

అసలు సంగతికి వస్తాను. మా కాలనీలో ఇళ్లకు గోడలు ఉమ్మడి. పక్కింట్లో మిరపకాయ వేయిస్తే మనకు తుమ్ములొస్తాయి. పక్కింట్లో గొడవైతే మనకు వేరే సీరియల్ అక్కర్లేదు. మేం విశ్వాసులం కదా, చాడీలు చెప్పం. ప్రార్థన మనవులు చెబుతాం! ఫలానా పిల్ల ఎవడి బండి వెనకో కనబడింది, ఆ పిల్ల కొరకు భారంగా ప్రార్థన చేద్దాం. దుబాయి పోయిన ఫలానా ఆయన అక్కడ ఇంకో ఇల్లు పెట్టాడట, పాపం ఆ భార్య కొరకు ప్రార్థన చేద్దాం. కళ్లు మూసుకుని, తల వంచుకుని, ఊరందరి బట్టలు విప్పేవాళ్లం. ఇప్పటికీ ఎన్ని సంఘాల్లో ఇది సాగుతోందో తలుచుకుంటే నాకు వాంతి వచ్చినంత పనవుతుంది. పెద్దమ్మ దానికి ఒకే ఒక్క కట్టడి పెట్టింది.

"ఎవల పేరన్న ఎత్తుతె, ముందుగాల వాళ్ల ఇంటికి పోయి రావాలె. ఇంత వండుకొని పోవాలె. పోనోళ్లు పేరెత్తద్దు."

ఒక గురువారం మా లైన్లో జాకెట్లు కుట్టే వదిన ఎత్తుకుంది: "మా వెనక క్వార్టర్ల కోడలు మంచాన పడ్డ అత్తను సూస్తనే లేదు. ఒకటే కంపు. గా కోడలు మనసు మారాలెనని ప్రార్థన చేద్దాం."

"పోయి సూసినవా?" అంది పెద్దమ్మ.

"యాడ పోవాలె పెద్దమ్మా, కిటికీలకెళ్లే వాసనొస్తుంది."

"లే. చెప్పులేసుకో. అందరు లేవున్రి."

ప్రార్థన అక్కడే ఆగింది. అందరం ఊరేగింపుగా పోయాం. తలుపు తీస్తే కోడలు నేల మీద పడి ఉంది, ఒళ్లు కాలిపోయే జ్వరం. లేచి మంచినీళ్లు ముంచుకునే ఓపిక లేదు. మంచం మీద ముసలామె వీపు మీద పుండ్లు. ఆ వాసన చెప్పను. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, అది కూడా చాలక, బయటికి పరుగెత్తి మోరీ దగ్గర కక్కుకున్నాను. తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ చీర ఎగ్గట్టి, నీళ్లు కాచి, ముసలామెను ఒక పక్కకు తిప్పి కడుగుతోంది. వదిన కోడలికి జావ తాగిస్తోంది, తల ఎత్తడం లేదు.

పెద్దమ్మ నావైపు చూసి, "కంపుదేముందే, కడిగితె పోతది. మనం గా చాప మీద కూసోని నోట్లకెళ్లి తీసిన కంపున్నది సూడు, గది ఏ సబ్బుకు పోతది?" అంది.

ఆ తర్వాత మా కూటంలో మనవులు తగ్గిపోయాయి. వంట గిన్నెలు పెరిగాయి.

అయ్యగారు ఒక్కసారి వచ్చారు ఆ కూటానికి. కుర్చీ వేశాం, కూర్చున్నారు. అందరి వంతూ అయ్యాక పెద్దమ్మ మామూలుగానే ఆయన్నూ అడిగింది, "అయ్యగారూ, గీ వారం మీకేం కష్టమైంది, చెప్పున్రి." దేవుని కృపలో తనకే కష్టమూ లేదన్నారాయన. "అయితే మీకు గీడ పనేం లేదు. చాయ్ తాగి పోన్రి" అంది పెద్దమ్మ. మర్యాదగానే అంది, నవ్వుతూనే అంది. ఆ తర్వాత ఆదివారాల్లో ప్రసంగం నడుమ, స్త్రీలు ఇళ్లలో పెట్టే క్రమం లేని కూటముల గురించి అయ్యగారికి చాలా వాక్యాలు గుర్తొచ్చేవి. పెద్దమ్మ ముందు వరసలో కూర్చుని అన్నీ వినేది.

ఇక ఆమె కొడుకు. పెళ్లీడు దాటినవాడు, ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద డంపరు నడిపేవాడు. తాగుడుకు ఆ పని పోయింది. మేం గురువారం వచ్చే వేళకు ఇంట్లోంచి వెళ్లిపోయి, వీధికి అవతలి కల్వర్టు మీద కూర్చుని, మేం పోయేదాకా తిరిగి రాడు. తన వంతు వచ్చినప్పుడు పెద్దమ్మ దాచుకునేది కాదు.

"నా కొడుకు తాగుతుండు. నిన్న నన్ను నూకిండు, గీ మోచెయ్యి సూడున్రి. తాగి కక్కితె కడుగుత, గది నాకు కొత్తగాదు. గని వాని మొకం సూస్తె నాకు రోత పుడ్తుంది. కన్నతల్లికి పుట్టొచ్చునా గట్ల? గా రోత పోవాలెనని అడుగున్రి. వానికి వాక్యాలు చెప్పద్దు. వాడొక్క గురువారం గీ గదిల కూసోని మనతోని చాయ్ తాగాలె. గంతే."

కొడుక్కు పిల్లను చూపించమని గానీ, పని ఇప్పించమని గానీ ఆమె దేవుణ్ణి అడగ్గా నేను వినలేదు. ఆ చాయ్ ఒక్కటే అడిగింది. అది చూడకుండానే, నేను చొప్పదండిలో ఉండగా ఒక తెల్లవారుజామున గుండె ఆగి పోయింది.

మట్టి ఇచ్చిన వారానికి చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. ఆదరణ ఎవరికో నాకు అర్థం కాలేదు. బయట డేగ్చాల్లో బిర్యానీ దమ్ము మీద ఉంది, లోపల సగం మంది ముక్కులు అటే ఉన్నాయి. ఆమెను ఏనాడూ మాట్లాడనివ్వని పెద్దలు ఒకరి తర్వాత ఒకరు మైకు అందుకుని, ఆమె సంఘానికి స్తంభమన్నారు, ప్రార్థనా వీరురాలన్నారు. ఫోన్లలో వీడియో తీయించుకున్నారు.

కొడుకు వచ్చాడు. గడ్డం గీసుకుని, తలకు నూనె పెట్టుకుని, తండ్రిదేనేమో, భుజాలు జారిపోతున్న తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు వరసలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊహ తెలిశాక వాడు చర్చి గుమ్మం తొక్కడం అదే మొదలు. పెద్దమ్మ చూస్తే ఎట్లుండేదో అనుకున్నాను.

అయ్యగారు మైకు తీసుకున్నారు. గొంతు సాగదీశారు.

"ఈ తల్లి కన్నీటికి కారణమైన కుమారుడు నేడు మన మధ్యనే ఉన్నాడు. త్రాగుడు బంధకములలో ఉన్న ఇతని కొరకు అందరూ చేతులు చాపి భారముతో ప్రార్థించండి!"

అన్ని చేతులూ లేచాయి. అన్ని ఫోన్లూ వాడివైపు తిరిగాయి. వాడి మెడ చొక్కాలోకి కుంగిపోయింది. తర్వాత లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, జనం నడుమ నుంచి బయటికి నడిచాడు.

"చూడండి, దేవుని సన్నిధి అతనిని నిలువనియ్యడం లేదు!" అన్నారు అయ్యగారు.

ఛీ! ఇంతకంటే మంచి మాట నాకు దొరకడం లేదు. లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, గా పిలగాని కోసమని వాళ్లింటికి మీరెన్నడన్న పోయిన్రా?"

"సహోదరీ, కూర్చోండి. ప్రార్థన జరుగుతోంది."

"పోయిన్రా, పోలేదా? గదొక్కటి చెప్పున్రి."

వెనక నుంచి ఎవరో నా కొంగు గుంజారు. మైకు కీచుమంది.

"పోనోళ్లు పేరెత్తద్దు. గది పెద్దమ్మ మాట" అని, బిర్యానీ ముట్టకుండా బయటికి వచ్చేశాను. పొగరు తలకెక్కి కూడు కాదని పోయిందని ఇప్పటికీ అనుకుంటున్నారట. అనుకోనీ.

దారిలో కోపం కొంచెం దిగాక నాకు భయం పట్టుకుంది. ఇక వాడు మా నీడ కూడా తొక్కనివ్వడు. ఆమె అడిగిన ఒక్క చాయ్ ఆ మైకులో కలిసిపోయింది. పైగా అంతమందిలో వాడి ముచ్చట నేనూ ఎత్తాను కదా. ఆమె కట్టడి నాకూ వర్తిస్తుంది.

గురువారం కోడిగుడ్ల కూర, పచ్చిపులుసు, అన్నం గిన్నెల్లోకి ఎత్తుకుని బయలుదేరాను. చెప్పకుండానే వదిన తోడొచ్చింది, మిగతా వాళ్లు దారిలో కలిశారు. వాడు తలుపు తీస్తాడన్న ఆశ ఎవరికీ లేదు. కొట్టాం. చాలాసేపటికి తీశాడు. గుప్పున సారా వాసన. నా కడుపు సంగతి మీకు తెలిసిందే. కొంగు ముక్కు దాకా పోయింది. కడిగితె పోతది అన్న మాట గుర్తొచ్చి, చెయ్యి దింపేశాను.

"రాత్రిదక్కా. ఇయ్యాల తాగలే" అన్నాడు నేలచూపులు చూస్తూ. "మీరెందుకొచ్చిన్రు? నాకు ప్రార్థన చేసెటందుకా?"

"కాదు తమ్మీ. అందరిల నీ ముచ్చటెత్తిన. అందుకే బువ్వ తెచ్చిన. తిను. మేం జరసేపు కూసోని, చాయ్ తాగి పోతం."

వాడు పక్కకు జరిగాడు. మేం లోపలికి పోగానే తను బయటికి వెళ్లాడు. కల్వర్టు మీదికే అనుకున్నాం. మూలకు చుట్టి పెట్టిన చాప వదిన పరిచింది. పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టి వచ్చి కూర్చున్నాను. వదినే ముందుగా కళ్లు మూసుకుని, "దేవా, పెద్దమ్మ లేదు. మాకేం సమజైతలేదు" అంది, తన మాటలోనే.

గడప దగ్గర చప్పుడైతే నేను కళ్లు తెరిచాను. వాడు గొంతుక్కూర్చుని మా చెప్పులు తిప్పుతున్నాడు. ఒక్కో జతా తీసి, బొగ్గు దుమ్ము దులిపి, వీధివైపు వరసగా పెడుతున్నాడు. కల్వర్టు మీద కూర్చుని ఇన్నేళ్లూ తల్లి చేసే పనే చూస్తూ ఉన్నాడన్నమాట. అన్నీ పెట్టడం అయ్యాక లేచి నిలబడ్డాడు. కాసేపు వీధివైపు చూశాడు. తర్వాత వరస చివర తన చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

చాయ్ పొంగుతుంటే లేచాను. అందరికీ, వాడికీ గ్లాసులు అందించి గుమ్మం వైపు చూస్తే, మా చెప్పులన్నీ వీధికి చూస్తున్నాయి, వాడి జత ఒక్కటి ఇంటివైపు ఉంది. దాన్ని తిప్పడానికి ఎవరమూ లేవలేదు.