ఓనమాలతో మరిది డాక్టరేటు ముంచిన వైనం

కొంప ముంచడానికి దొంగకు గునపం కావాలి. నాకు ఓనమాలు చాలాయి. చదువు మనిషిని బాగుచేస్తుందని నమ్మేవాళ్ళు కాస్త గుండె చిక్కబట్టుకుని వినండి.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కొత్తగా లేస్తున్న రోజులు. మా చిన్న మరిది నర్సయ్య నేను ఎత్తుకు పెంచినవాడు. మనిషి మనసుకు చదువు ఎలా అంటుతుందో గ్రంథం రాస్తే యూనివర్సిటీ వాళ్ళు డాక్టరేటు ఇస్తామన్నారట. మా కంఠేశ్వర్ వాడలో మేము ఆడవాళ్ళం బీడీలు చుడుతుంటే వచ్చి కూర్చున్నాడు.

"వదినె, ఒక్క అక్షరం రాని ఆడోళ్లు గావాలె. మా పెద్దసారు షరతు గది. నేనే నేర్పి, పెద్ద వయసుల చదువు ఎట్లెక్కుతదో సూసి రాయాలె."

"గదెంత పని! మా వాడంత నీ సరుకే."

"అయితే వచ్చే నెల వస్త."

అక్షరం రాని వాళ్ళే కావాలన్నది మమ్మల్ని చిన్నబుచ్చలేకే అనుకున్నాను. పెళ్ళిచూపులకు పిల్లను ఉన్నదున్నట్టు కూర్చోబెడతామా? పొయ్యి రాజేయడం రాని పిల్లయినా, 'పిండివంటలన్నీ మా అమ్మాయే చేసింది' అనమూ? మరిది పరువు దక్కాలంటే మేమూ ముస్తాబు కావద్దూ!

పక్కింటి పంతులుగారి భార్యను బతిమాలాను. చాటలో బీడీల తంబాకు పరిచి వేలితో 'అ' దిద్దాం. 'ఇ' దాకా రాకముందే వాడంతా తుమ్ములు.

"గీ చదువేందే, ముక్కులకెల్లి ఎక్కుతున్నది!" అని మాతో బీడీలు చుట్టే లచ్చవ్వ మొత్తుకుంది.

"ఎటుకెల్లి ఎక్కితేంది, ఎక్కనియ్యి!"

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను వద్దన్నా వడ్డించే రకం.

నెల తిరిగింది. నర్సయ్య అట్టముక్కల కట్టతో దిగి, ఒకటి ఎత్తి చూపాడు. "గిదేందో ఎవలకన్న తెలుసునా?"

"క!" అని గుంపంతా అరిచింది. లచ్చవ్వ అక్కడితో ఆగక గుణింతం అందుకుంది. నర్సయ్య మొహం వానలో తడిసిన బెల్లం ముద్దయింది.

"ఎవలు నేర్పిచ్చిన్రు?"

"నేనే బిడ్డా!" అన్నాను, మెడలో దండ పడుతుందన్నట్టు వంగి.

"వదినె! రోగం తగ్గించి వైద్యుని పిలుస్తరా? ఇగ నేనెవలకు నేర్పాలె? నా డాక్టరేటు మునిగె!"

"మరిసిపోతం తియ్యి పటేలా," అంది లచ్చవ్వ. "నీ కోసం గంత జెయ్యమా?"

ఏడవబోయినవాడు పగలబడి నవ్వాడు.

మర్నాడే బోధన్ చెరుకు తోటల్లో ఆడకూలీలను వెతకడానికి బయలుదేరాడు. (భయపడకండి, వాళ్ళే తర్వాత వాడిని డాక్టరును చేశారు.) సాయానికి నేనూ బండెక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వొస్తే పొద్దుగూకే సరికి చెరుకు సుత పద్యం సదువుతది. ముందుగాల ఒట్టు పెట్టు."

నోటిమాట చాలదట. 'మరిది అనుమతి లేనిదే ఏ ఆడదానికీ అక్షరం చూపను, నాకు వచ్చినట్టు బయటపడను' అని కాగితం మీద రాసి, వేలిముద్రకు సిరాబుడ్డి చాపాడు.

దేవుడి ముందు నిలబడ్డంత భక్తిగా ఆ ఒట్టు పైకి చదివి, కింద సంతకం చేశాను.