జేజి ఖాళీ చేతులు

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ల పిల్లగా ఉండగా, కర్నూలుకు పడమరగా ఉన్న మా పల్లెలో ఓట్లు పడ్డాయి. అప్పట్లో చీటీ మీద ముద్ర వేసే పని లేదు. నిలబడ్డ ఒక్కొక్కరికీ ఒక్కో పెట్టె, దాని మీద వాళ్ల గుర్తు ఉండేవి. బడిలో తడిక చాటుకు పోయి, నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావాలి.

మా ఊరి పెద్దాయన తానే నిలబడ్డాడు. చీటీని ఏ పెట్టెలోనూ వేయకుండా కొంగులో దాచుకొచ్చి తన చేతికివ్వమన్నాడు. అన్నీ పోగేసి, తన మనిషి చేత తన పెట్టెలో వేయించుకోవడం ఆయన ఎత్తు. ఇవ్వనివాళ్ల చొప్ప వామి మిగలదని ముందు రోజే ఇంటింటికీ కబురు పంపాడు. ఎండాకాలమంతా మా ఎద్దులు బతకాల్సింది ఆ జొన్న చొప్పతోనే.

మా జేజి, అంటే మా నాయన తల్లి, నన్ను వెంటబెట్టుకుని పోయింది. బడి బయట కట్టెలు పట్టుకున్న మనుషుల మధ్య పెద్దాయన మంచం వేసుకుని కూర్చున్నాడు. మా ముందువాళ్లంతా తలలు దించుకుని చీటీలు ఆయన చేతిలో పెట్టి పోతున్నారు. జేజి కూడా ఇచ్చేస్తే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను.

జేజి బయటికొచ్చి ఆయన ముందు రెండు చేతులూ చాపింది. ఖాళీ.

"చీటీ యాడ?"

"పెట్టెలో ఏసినానప్పా. ఏసేదానికే గదా ఇచ్చినారు."

"ఏ పెట్టెలో?"

"అది నాకూ ఆ పెట్టెకూ తెలుసు. నీకెందుకప్పా?"

గొంతు కూడా పెంచలేదు మహాతల్లి. నా చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది.

తెల్లారేసరికి మా వామి బూడిదైంది. జేజి వాకిట్లో కూర్చుని అందరూ చూస్తుండగానే ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, ఎద్దులకు కుడితి పెట్టింది.

పొద్దెక్కాక పక్కింటి పెద్దమ్మ ఒక మోపు చొప్ప తెచ్చి మా దొడ్లో దించి వెళ్లిపోయింది. ఆ వెనకే ఇంకొకరు, మరొకరు. అందరూ నిన్న చీటీలు ఇచ్చినవాళ్లే. పట్టపగలు, పెద్దాయన వాకిలి ముందు నుంచే మోసుకొచ్చారు. చివర వచ్చిన ముసలాయన, "మళ్లీ తూరి మేమూ ఉత్త చేతులతోనే వస్తామమ్మా" అన్నాడు.

పెద్దాయన ఆసారి గెలిచాడు, అబద్ధమెందుకు. మా ఎద్దులూ బతికాయి.

ఇప్పుడు నాకు జేజి వయసొచ్చింది. ఓటు వేసి బయటికొచ్చిన ప్రతిసారీ గడప దగ్గర ఆగి, రెండు చేతులూ తెరిచి చూసుకుంటాను. ఏం పోగొట్టుకున్నావని మనవరాలు అడుగుతుంది. ఏమీ పోలేదని చెబుతాను.