ఊట పగలలేదు

నీళ్లు ఆగిపోయాయని ముందుగా గ్రహించింది హెస్టర్ ప్రాగ్నెల్. కిటికీ కింద గొణుగుతున్న వాగు గొంతు మాట మధ్యలో తెగిపోయింది. ఆమె చేతిలో టీ కప్పు గాలిలోనే నిలిచింది.

ఆ మధ్యాహ్నం వాన లేని పెనుగాలి ఒక చెట్టును కరెంటు తీగల మీద పడేసింది. వీధిలో అందరం చల్లారిన కరెంటు పొయ్యిల ముందు నిలబడి తిట్టుకుంటున్నాం. హెస్టర్ రబ్బరు బూట్లతో పరుగెత్తుకొచ్చింది.

"బోర్న్ ఏదీ?" అంది, తప్పిపోయిన కుక్క గురించి అడిగినట్టు.

"ఎక్కడికి పోతుంది? వంతెన కింద చూసుకో" అని నవ్వాను. నేనూ తొంగిచూశాను. తడి గులకరాళ్ల మీద ఒక ట్రౌట్ చేప పక్కకు తిరిగి పడుకుని నోరు తెరుస్తోంది. నా నవ్వు అక్కడే రాలిపోయింది.

మా బోర్న్ పెద్ద నది కాదు, చిన్న వాగు. సుద్దకొండ అడుగున, హెస్టర్ పొలం పైన పుట్టి, చర్చి గోడను రాసుకుంటూ, చక్రం లేని మిల్లు కిందుగా జారి, కొన్ని మైళ్లు కూడా నడవకముందే పెద్ద ఏటిలో పేరు పోగొట్టుకుంటుంది. వేసవిలో కొండలోకి వెళ్లి పడుకుంటుంది. వానలకు కొండ నిండాక, నడి చలికాలంలో, ఊట పగులుతుంది. మేం అనే మాట అదే, 'పగిలింది' అని. ఆ మాట ముందుగా పలికే హక్కు ప్రాగ్నెల్ ఇంటిది. తాత, తండ్రి, తర్వాత హెస్టర్. ఆమె తలుపు తలుపూ కొట్టి చెబుతుంది. కిందటేడు కూజాలో దాచుకున్న బోర్న్ నీళ్లను మేం తెచ్చి, కొత్త నీళ్లలో తిరిగి పోస్తాం. ఆ రోజు నుంచే ఆమె మడుల్లో క్రెస్ ఆకుకూర నాటుతుంది. ఆమె బతుకంతా ఆ కూర మీదే.

కొన్నేళ్లుగా ఊట ముందే పగులుతోంది. ఇంకా వానలు పడకుండానే, సెప్టెంబరులోనే. "నా బోర్న్‌కి నా మీద ప్రేమెక్కువైంది" అని హెస్టర్ మురిసిపోయేది. ఈసారీ తలుపులు కొట్టింది. మేం కూజాలు ఒంపేశాం. మడుల్లో నారు అప్పుడే వేళ్లు పట్టింది.

ఇప్పుడు ఆ నారు కళ్ల ముందే తలలు వాలుస్తోంది.

ట్రౌట్‌ను బకెట్‌లో వేసి, కొడవలి పట్టుకుని ఆమె ఊట దగ్గరికి నడిచింది. నేనూ క్లెమ్ కూడా వెంట వెళ్లాం. క్లెమ్ బడిలో ఆమె జడ లాగినవాడు. తర్వాత నీళ్ల కంపెనీలో తవ్వకం పనిచేసి రిటైరయ్యాడు. దారి పొడుగునా అతను అందరికంటే వెనకే నడిచాడు.

ముళ్లపొద నరికేసరికి కొడవలి ఠంగుమంది. పచ్చ రంగు ఇనప గొట్టం. దాని పెదవి నుంచి ఒక్కో చుక్క.

హెస్టర్ దాన్ని వేలితో తాకింది. వేడి కుండను తాకినట్టు వెనక్కి లాక్కుంది.

"ఇదేంటి క్లెమ్?"

"నీళ్ల కంపెనీ గొట్టం. గట్టు మీద షెడ్డులో వాళ్ల మోటారుంది కదా."

"అది గొర్రెల మందుల షెడ్డు!"

"గొర్రెలకి కరెంటు స్తంభాలెందుకే, పిచ్చిదానా?" అన్నాడు మెల్లగా. "పట్నం కుళాయిల కోసం కొండ కింద నీళ్లు లాగుతున్నారు. ఊట అందుకే కిందికి పోయింది. వాగు ఎండిపోకుండా ఎండాకాలం చివర నుంచి కాసిని తోడి ఇటు వదులుతారు. ఊరి హాల్లో మీటింగు పెట్టి చెప్పారుగా, వచ్చింది నలుగురమే. నువ్వు కూర కోతలో ఉన్నావు."

"నువ్వు వెళ్లావుగా. నాకు చెప్పలేదేం?"

"తెలుసనుకున్నా. తర్వాత నువ్వు తలుపు కొట్టి, ఆ మొహంతో 'పగిలింది' అంటే..." క్లెమ్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "ఎలా చెప్పనే?"

"అయితే నేను చెప్పింది మోటారు గురించా? ఇన్నేళ్లూ?"

అతను అవునన్నట్టు తలూపాడు.

"అసలు ఊట చివరిసారి ఎప్పుడు పగిలింది?"

"తెలీదు హెస్టర్. నీళ్లు ముందే పారుతుంటే ఎవరు చూస్తారు?"

ఆమె గొట్టం పైన, తెల్లటి సుద్ద మీద అరచెయ్యి ఆనించింది. జ్వరం చూసినట్టు చాలాసేపు ఉంచింది. చెయ్యి తీస్తే తెల్లటి పొడే అంటుకుని ఉంది, తడి లేదు.

సాయంత్రానికి తీగలు కట్టారు. ఇళ్లలో దీపాలు వెలిగాయి. కాసేపటికి గొట్టం దగ్గింది, మట్టి కక్కింది, తర్వాత అద్దంలాంటి నీళ్లు దిగివచ్చాయి. హెస్టర్ బకెట్‌లోని చేపను వంతెన కింద వదిలింది. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అందరం గడపల్లో నిలబడ్డాం, ఆమె పిలుపు కోసం.

ఆమె ఎవరి తలుపూ కొట్టకుండా నడిచిపోయింది.

"నీళ్లొచ్చాయిగా! చెప్పవేం?" అని అరిచాను.

"నీళ్లొచ్చాయి. ఊట పగల్లేదు" అంది. తన ఖాళీ కూజాను గోడ మీద బోర్లించి లోపలికి వెళ్లిపోయింది.

క్రెస్ బతికింది. ఆమె కోసి అమ్మింది, మేం కొన్నాం, రొట్టెల మధ్య పెట్టుకుని తిన్నాం. రుచి ఎప్పటిదే. ఇన్నేళ్లూ తిన్నదీ మోటారు నీళ్ల కూరేనని తెలిసి నములుతున్న నా నోరు ఆగిపోయింది.

హెస్టర్ ఇప్పటికీ రోజూ పైకి వెళ్లి సుద్ద మీద చెయ్యి పెట్టి వస్తుంది. చెయ్యి దులుపుకుంటూ దిగుతుంది. కూజా గోడ మీద బోర్లించే ఉంది. బోర్న్ మాత్రం కిటికీల కింద గలగలా పారుతోంది.