నాజిల్ ఊదిన నోరు

మా మిరప చేలో పదేళ్లపాటు పురుగుమందు కొట్టింది ఒక్కడే. ఊరి చివర చర్చి వెనక అతని ఇల్లు. నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా నన్ను 'అన్నా' అనేవాడు, నేను 'ఏరా' అనేవాణ్ణి. పొలం ఉన్నవాడి వయసు మా ఊళ్లో అలా పెరుగుతుంది.

స్ప్రేయర్ మూతి నాజిల్‌లో నలక అడ్డుపడితే విప్పి, నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదేవాడు. తుపుక్కున ఉమ్మి మళ్లీ బిగించేవాడు. మా నాన్నా అలాగే ఊదాడు, ఊరంతా అలాగే ఊదుతుంది. నేను గట్టు మీద నిలబడి, "తొందరగా కానీరా, ఎండెక్కుతోంది" అని అరిచేవాణ్ణి.

కిందటేడు మా ఊళ్లో రైతుల భద్రత గురించి మీటింగు పెట్టారు. వచ్చినాయన మంచి మాటలే చెప్పాడు. నాజిల్‌ని నోటితో ఊదొద్దు, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది నీళ్లతో కడగండి అన్నాడు. చివర్లో మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు ఉన్న సంచులు పంచారు, పొలం పాస్‌బుక్ ఉన్నవాళ్లకే. మందు కొట్టేవాడికి పాస్‌బుక్ ఎక్కడిది? ఆ పూట అతను నా చేలోనే మందు కొడుతున్నాడు. నేను మాస్కు పెట్టుకుని ఫొటో దిగి, సంచి తెచ్చి బీరువా మీద పెట్టాను. ఇవ్వకూడదని కాదు. కొత్తది కదా, పాడు చేస్తాడని. ఇది రాయడానికి సిగ్గేస్తోంది. రాయకపోతే ఇంకా సిగ్గు.

ఆ ఏడు తామర పురుగు విరగబడింది. రెండు మందులు కలిపి కొట్టమన్నది నేనే. ఆ రోజు మూడోసారి నాజిల్ ఊదాక అతను ఉమ్మలేదు, సాలు మధ్యలో కూలబడ్డాడు. నోట్లోంచి నురగ. గుంటూరు దాకా ఆటోలో అతని తల నా ఒళ్లోనే ఉంది.

బతికాడు. చేతుల వణుకు మాత్రం పోలేదు. టీ గ్లాసు భార్య పట్టుకుంటేనే తాగుతాడు. బుద్ధి లేక, ఆ సంచి తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆమె దానివంక చూసి, "ఇప్పుడెందుకండీ? ఆయన ఇంక మందు కొట్టడుగా" అంది. నాలుగు తిట్టినా బాగుండేది. సంచి మళ్లీ ఇంటికే తెచ్చుకున్నాను.

ఈ ఏడు నేనే కొడుతున్నాను, మాస్కు పెట్టుకుని. నిన్న నాజిల్ అడ్డుపడింది. అన్నీ తెలిసిన నేనే దాన్ని విప్పి నోటి దగ్గరకు తీసుకెళ్లాను. మాస్కు తగిలి చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు అతని చెయ్యి కూడా ఆగి ఉండేది. మాస్కు అప్పుడు మా బీరువా మీద ఉంది.